పరంగిమల పక్కనే ఉన్నాం, మన పిల్లలెక్కడ?

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చెబుతూ కూర్చుంటే నాకిచ్చిన టైం అందులోనే అయిపోతుంది, మన్నించాలి.

మొన్న మన చెన్నై ఆలందూరులో డిగ్రీ చదివే మన తెలుగు పిల్లల్ని అడిగాను, మనవాడొకాయన దేశ సైన్యానికే అధిపతిగా చేశాడు, ఎవరో తెలుసా అని. ఒక్కరూ చెప్పలేదు. ప్రాణం ఉసూరుమంది. జనరల్ కె.వి. కృష్ణారావు గారు. పందొమ్మిదేళ్ల వయసులో, 1942లో, మహర్ రెజిమెంట్‌లో ఆఫీసరయ్యారు. 1981 నుంచి 1983 దాకా సైన్యాధిపతి. తర్వాత జమ్మూకశ్మీర్‌కు రెండు విడతలు గవర్నరు.

1971లో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో ఎనిమిదో మౌంటెన్ డివిజన్ ఆయన చేతిలో ఉంది. డిసెంబర్ 7న ఆ డివిజన్‌లోని గూర్ఖా బెటాలియన్‌ను హెలికాప్టర్లలో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ దగ్గర దించారు. మన సైన్యం యుద్ధంలో అలా చెయ్యడం అదే మొదటిసారి. ఆ ఎత్తుగడ ఆయన పై అధికారి, కోర్ కమాండర్ సగత్ సింగ్ గారిది, దిగిన జవాన్లు కృష్ణారావు గారి వాళ్లు. అవతల వేలమంది శత్రువులు. రెండు రోజుల్లో మిగతా బలగం వచ్చి కలుస్తుందన్నారు, రాలేకపోయింది. అయినా గూర్ఖాలు వెనక్కి తగ్గలేదు. దిగింది ఒక్క బెటాలియన్ అయితే, కొన్ని బెటాలియన్లు కలిసిన బ్రిగేడే దిగిందని బీబీసీ రేడియో చెప్పింది. శత్రువు నమ్మాడు! చివరికి ఆరు వేలకు పైగా పాకిస్తాన్ సైనికులు అక్కడ లొంగిపోయారు. ఆ రోజులన్నీ ఆ డివిజన్ కమాండర్‌కు నిద్ర పట్టి ఉంటుందా, మీరే చెప్పండి.

సైన్యాన్ని ఆధునికం చెయ్యడానికి 1975లో ఆయన అధ్యక్షతన వేసిన కమిటీ గురించి కూడా రాసుకొచ్చాను. అది పక్కన పెడతాను. అంతకంటే అవసరమైన మాట ఒకటుంది.

అమ్మా, అయ్యా, పరంగిమలలో, సైన్యానికి ఆఫీసర్లను తయారుచేసే ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ మన ఇళ్ల పక్కనే ఉంది. 1992 నుంచి అమ్మాయిలనూ తీసుకుంటున్నారు. మా తమ్ముడి కూతురు అక్కడ చేరతానంటే ఇంట్లో నెల రోజులు గొడవ. పెళ్లెలా అవుతుందని మా మరదలు అన్నం మానేసింది. పాసింగ్ అవుట్ రోజున పిల్ల భుజాల మీద నక్షత్రాలకు కప్పిన గుడ్డ తల్లిదండ్రులే తియ్యాలి. మా మరదలి వేళ్లు వణికి ముడి ఊడలేదు. పిల్ల నవ్వుతూ "మెల్లిగా అమ్మా" అంది. ఇప్పుడు ఆ ఫోటో వాళ్ల హాల్లో దేవుడి పటం పక్కనే ఉంది.

సాఫ్ట్‌వేర్ వద్దనను, కానీ ఇంటర్ కాగానే ఆ ఒక్క దారే చూపించకండి. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు సైన్యంలో ఆఫీసరవ్వడానికి సీడీఎస్, అంటే కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష రాయొచ్చు, ఏడాదికి రెండుసార్లు పెడతారు. పాసైతే ఎస్ఎస్‌బి, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూ ఉంటుంది. దానికి భయపడి మానుకోకండి, మా పిల్లకు రెండోసారి వచ్చింది. పాత ప్రశ్నపత్రాలు నా సంచిలోనే ఉన్నాయి. సభ అయ్యాక మెట్ల దగ్గర ఉంటాను, పిల్లల్ని వెంటబెట్టుకుని రండి.