వదినా మరిది: ప్రోగ్రెస్ కార్డులో రాయని మాటలు

మరిది: నమస్కారం, చెన్నై మైలాపూర్ నుంచి వదినా మరిది. మా పోయిన గొడుగు దొరికిందా అని అడుగుతున్న శ్రోతలందరికీ ఒకటే జవాబు, ఇంకా లేదు.

వదిన: దొరకదు కూడా. విషయానికి రా.

మరిది: పిల్లలను ఆన్‌లైన్‌లో తిట్టిన టీచరు మీద చర్య తీసుకోవాలా? అమెరికాలో, పెన్సిల్వేనియాలో నటాలీ మన్రో అనే ఇంగ్లీషు టీచరు పిల్లల పేర్లు, బడి పేరు లేకుండా తన బ్లాగులో రాసుకునేది. చందాదారులు తొమ్మిది మందికి మించరు, అందులో ఆవిడా భర్తా ఉన్నారు. 2011లో పిల్లల కంటపడింది, తరువాత ఉద్యోగం పోయింది.

వదిన: ఇంతకీ ఏమి రాసింది?

మరిది: ప్రోగ్రెస్ కార్డులో రాయాలని ఉన్నా రాయలేని మాటలు.

వదిన: (నవ్వు) అవి నా దగ్గర బస్తాడు ఉన్నాయి! కార్డులో గడి అంగుళం ఉంటుంది. అందులో "చలాకీ పిల్లవాడు" అని రాశానంటే, వాడు నన్ను పాఠం చెప్పనివ్వలేదని. ఒకడు తండ్రి సంతకం తనే పెట్టి తెచ్చాడు. తండ్రేమో తమిళంలో సంతకం చేసే మనిషి, వీడు చక్కగా తెలుగులో పెట్టాడు.

మరిది: మీరు ఏమి చేశారు?

వదిన: దస్తూరి బాగుందని రాశాను.

మరిది: ఇప్పుడైతే అది తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో...

వదిన: మొదలుపెట్టావా!

మరిది: సరే, ఆపాను. పేర్లే లేనప్పుడు ఉద్యోగం తీయడం అన్యాయం కాదా? స్టాఫ్ రూములో మీరందరూ అనుకునేవేగా?

వదిన: స్టాఫ్ రూములో అన్నది టీ గ్లాసులతో పాటు కడిగేస్తారు. ఇది అలా పోదు. పేరు రాయకపోతే తరగతిలో ప్రతి పిల్లా తననే అన్నారనుకుంటుంది.

మరిది: తల్లిదండ్రులు మా పిల్లలను ఆవిడ తరగతిలో ఉంచవద్దన్నారు. బడి నడవడమే కష్టమైందని 2015లో అప్పీలు కోర్టు కూడా బడి పక్షమే నిలిచింది.

వదిన: మన విద్యాహక్కు చట్టం, 2009లో 17వ సెక్షన్ చూడు. మానసిక వేధింపు కూడదు, చేస్తే సర్వీసు నిబంధనల ప్రకారం చర్య. పద్నాలుగేళ్ల లోపు పిల్లను నలుగురిలో వెక్కిరించడం వేధింపు కాక మరేమిటి?

మరిది: అయితే తీసేయాలంటారు.

వదిన: అనలేదు! మెమో ఇవ్వాలి, రాసింది తీయించాలి. అంతకు మించితే కక్ష.

మరిది: గ్రూపులో టీచరును "దండగ మనిషి" అనే తల్లిదండ్రులకు మెమో ఎవరు ఇస్తారు?

వదిన: ...ఎవరూ ఇవ్వరు. నన్నూ అన్నారు, "ఈవిడ రిటైర్మెంట్ ఎప్పుడు" అని. ఆ తల్లి పొరపాటున నాకే పంపింది. మర్నాడు ఆవిడ కొడుకు పేపరు దిద్దాలి.

మరిది: ఎన్ని వేశారు?

వదిన: చెప్పను.

మరిది: వదినా, ఇంతమంది వింటున్నారు...

వదిన: అందుకే చెప్పను. కింద ఆ హారను నీళ్ల లారీదేనా? సంపు మూత తీశావా?

మరిది: మీరు తీశారనుకున్నాను.

వదిన: ముందు పరుగెత్తు, లారీ వెళ్లిపోతుంది!