మన జేబులో వాళ్ళ చీటీలు

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో వీధికో అయ్యంగార్ బేకరీ ఉంటుంది. మారతహళ్ళిలో మా ఇంటి కింద కూడా ఒకటుంది. సాయంత్రమయ్యేసరికి ఖారా బిస్కెట్ల వాసన మూడో అంతస్తు దాకా ఎక్కుతుంది. మదనపల్లె నుంచి వచ్చి మా పక్క వీధిలో స్థిరపడిన మా పిన్నికి కుకీ అంటే ఆ బేకరీ గాజుసీసాలో ఉండేదే. మొన్నొక రోజు ఫోన్ పట్టుకొని వచ్చింది. "ఏం రా, ఇందులో ఏ పేజీ తెరిచినా కుకీలు తీసుకుంటావా, కుకీలు తీసుకుంటావా అని అడుగుతాడు. ఊ అని నొక్కుతానే ఉండా. ఒక్కడూ ఇచ్చిన పాపాన పోలేదు" అంది.

నవ్వుకున్నాం గానీ, ఆవిడ వచ్చిన పని అది కాదు. మోకాళ్ళ నొప్పికి తైలం ఏదన్నా ఉందేమోనని ఫోన్‌లో ఒకే ఒక్కసారి వెతికిందట. అప్పటి నుంచి రాశిఫలాలు తెరిస్తే తైలం, గుత్తివంకాయ కూర ఎలా చెయ్యాలో చూద్దామంటే తైలం, తిరుమల వార్తలు చదువుదామంటే అక్కడా తైలమే. "నొప్పని మీ చిన్నాయనకు కూడా చెప్పలేదు. వీళ్ళకెట్ల తెలిసింది? ఫోన్ మన మాటలు వింటాంది కదూ?" అని గొంతు తగ్గించి అడిగింది, ఫోన్‌కు వినబడకూడదని.

వినాల్సిన పనే లేదు పిన్నీ, అన్నాను. నాది వెబ్‌సైట్లు సరిగా పనిచేస్తున్నాయో లేదో పరీక్షించే ఉద్యోగం. కుకీలతో నాకు రోజూ పనే. ఆవిడకు చెప్పినదే మీకూ చెబుతాను.

వెబ్‌సైట్‌కు పుట్టుకతోనే మతిమరుపు. మీ బ్రౌజర్, అంటే మీరు పేజీలు తెరిచే క్రోమ్ లాంటి యాప్, ఒక పేజీ అడుగుతుంది, వెబ్‌సైట్ ఇస్తుంది, మరుక్షణం మిమ్మల్ని మరిచిపోతుంది. రెండో పేజీ అడిగినప్పుడు మీరెవరో కొత్తవాళ్ళే. ఇలాంటి కొట్టువాడితో బేరం ఊహించుకోండి. చీర చూపించమంటే చూపిస్తాడు, బిల్లు వెయ్యమనగానే "మీరెవరమ్మా, ఏ చీర?" అంటాడు. వెబ్ మొదలైన రోజుల్లో ఆన్‌లైన్ కొట్లకు వచ్చిన చిక్కు అచ్చం ఇదే.

1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో పనిచేసే లూ మాంటల్లీ అనే ఇంజినీరు దీనికో ఉపాయం కనిపెట్టాడు. గుడి ముందు చెప్పులు పెడితే మనకొక టోకెన్ ఇస్తారు కదా. చెప్పుల స్టాండు ఆయనకు మన ముఖం గుర్తుండక్కర్లేదు, టోకెన్ చూపిస్తే చాలు. అలాగే వెబ్‌సైట్ ఒక చిన్న చీటీ రాసి మన బ్రౌజర్‌కిస్తుంది. మళ్ళీ ఆ సైట్‌కు వెళ్ళిన ప్రతిసారీ బ్రౌజర్ ఆ చీటీ తీసి చూపిస్తుంది. "ఓహో, ఇందాకటి మనిషే" అనుకుంటుంది సైట్. ఆ చీటీ పేరే కుకీ. కంప్యూటర్ల వాళ్ళు ఇలాంటి చీటీలను అప్పటికే మేజిక్ కుకీ అనేవారు. ఆ పేరే నిలిచింది. బేకరీతో దానికేమీ చుట్టరికం లేదు.

చీటీ కూడా ఎంతని? మామూలుగా నాలుగు కిలోబైట్లకు మించదు. పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మలో పదో వంతు కూడా ఉండదు. అది వట్టి అక్షరాలు, అంకెలు. ప్రోగ్రాం కాదు, దానంతటది ఏ పనీ చెయ్యలేదు. వైరస్ అంతకన్నా కాదు. రైలు టికెట్ తీసేటప్పుడు పేజీ పేజీకీ పాస్‌వర్డ్ కొట్టకుండా పని జరుగుతోందంటే దాని పుణ్యమే. ఇంకో సంగతి, ఎవరు రాసిచ్చిన చీటీని బ్రౌజర్ వాళ్ళకే చూపిస్తుంది. బ్యాంకు ఇచ్చిన చీటీ కూరగాయల సైట్‌కు కనబడదు. ఇంతవరకూ నాకు కుకీ మీద ఏ ఫిర్యాదూ లేదు.

తగువు ఇక్కడ మొదలవుతుంది. చిక్‌పేటలో పట్టుచీరల కొట్టు, పక్క సందులో గాజుల కొట్టు, అవెన్యూ రోడ్డులో పుస్తకాల కొట్టు, ఇంకాస్త ముందుకెళ్తే మందుల షాపు. ఈ కొట్లన్నిటిలోనూ ఒకే మనిషి గోడ అద్దెకు తీసుకొని తన ప్రకటనల బోర్డు పెట్టాడనుకోండి. ప్రతి బోర్డు వెనకా వాడి గుమాస్తా ఒకడు కూర్చున్నాడు. మీరు చీరల కొట్లో అడుగు పెట్టగానే, మీకు తెలియకుండా మీ జేబులో 4127 అని రాసిన చీటీ పెడతాడు. గాజుల కొట్లో ఇంకో గుమాస్తా ఆ చీటీ చూసి, 4127 ఎర్ర గాజులు బేరమాడింది అని పద్దు రాస్తాడు. మందుల షాపులో, 4127 మోకాలి తైలం అడిగింది అని ఇంకొకడు. ఏ కొట్టు మాట ఆ కొట్టుకే తెలుసు. పద్దు పుస్తకం పెట్టుకున్నవాడికి మాత్రం అన్నీ తెలుసు. మీ పేరుతో వాడికి పని లేదు, 4127కి ఏ బోర్డు చూపిస్తే డబ్బు రాలుతుందన్నదే వాడికి కావాలి.

దీన్నే థర్డ్ పార్టీ కుకీ అంటారు. మీరు వెళ్ళిన సైట్ ఇచ్చినది కాదు, ఆ పేజీలో ప్రకటన పెట్టిన మూడో మనిషి ఇచ్చినది. బ్రౌజర్ తన నియమం తప్పలేదు, రాసినవాడి చీటీ రాసినవాడికే చూపించింది. కాకపోతే రాసినవాడు ప్రతి కొట్లోనూ కూర్చున్నాడు. ఇలా పేరు తెచ్చుకున్న డబుల్‌క్లిక్ అనే ప్రకటనల కంపెనీని 2008లో గూగుల్ 310 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. గోడ మీద బోర్డులకే అయితే ఎవరూ అంత పెట్టరు.

పెద్దలు ముందే హెచ్చరించలేదా అంటే, హెచ్చరించారు. మొదట్లో బ్రౌజర్లు కుకీల సంగతి మనకు చెప్పేవే కావు. 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక రాశాక గానీ జనానికి తెలియలేదు. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంజినీర్లు 1997లోనే, మూడో మనిషి చీటీలను మనం కోరితే తప్ప తీసుకోకూడదని రాశారు. బ్రౌజర్ కంపెనీలు ఆ మాట చెవిన పెట్టలేదు. ఈ కథలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. జబ్బు ముదిరాక కనిపెట్టింది కాదు, మొదటి మూడేళ్ళలోనే మందు చీటీ రాసి ఉంది.

ప్రకటనలే కదా, వస్తే ఏం పోతుందని మా చిన్నాయన లాంటి వాళ్ళు అంటారు. మా ఆఫీసులో ఒకబ్బాయి మీటింగ్‌లో తన స్క్రీన్ అందరికీ చూపిస్తూ ఒక వార్తల పేజీ తెరిచాడు. పక్కన పెద్ద ప్రకటన, ఇంటర్వ్యూలో జీతం ఎలా పెంచి అడగాలో నేర్పుతామని. దాని కిందే ఇంకోటి, ఉద్యోగం మారాలనుకుంటున్నారా అని. మేనేజర్ ఏమీ అనలేదు, చిన్నగా దగ్గాడు. అబ్బాయి ముఖం చూడాలి అప్పుడు! అది ఉద్యోగం కాబట్టి నవ్వాం. అదే జబ్బు అయితే, అప్పు అయితే, ఇంట్లో ఇంకా చెప్పని గర్భం అయితే నవ్వగలమా?

మూడో మనిషి చీటీలను ఆపిల్ వాళ్ళ సఫారీ 2020 నుంచి పూర్తిగా ఆపేస్తోంది. ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్ కూడా ఒక్కో కొట్టుకు ఒక్కో సంచీ కట్టి, ఒక కొట్లో పెట్టిన చీటీ ఇంకో కొట్లో కనబడకుండా చేసింది. మనలో ఎక్కువమంది వాడే క్రోమ్ సంగతే వేరు. రెండేళ్ళలో తీసేస్తామని గూగుల్ 2020 జనవరిలో చెప్పింది, వాయిదాల మీద వాయిదాలు వేసింది, చివరికి 2024 జులైలో తియ్యబోమంది. ప్రకటనల మీద బతికే కంపెనీయే బ్రౌజర్ కూడా తయారుచేస్తే ఇంకేమవుతుంది!

ఇక, కుకీలు తీసుకుంటావా అని అడుగుతోందని పిన్ని విసుక్కున్న ఆ పెట్టె. అది మొదట ఐరోపా చట్టాల వల్ల వచ్చింది. అడగకుండా చీటీ పెట్టకూడదని అక్కడ 2009లో నియమం మార్చారు. 2018లో వచ్చిన డేటా చట్టం దాన్ని ఇంకా బిగించింది. మంచి ఉద్దేశమే, కానీ కంపెనీలు తెలివి మీరాయి. 'అన్నీ ఒప్పుకుంటాను' అన్నది పచ్చగా, పెద్దగా ఉంటుంది. 'వద్దు' అన్నది బూడిద రంగులో, మూడు పేజీల లోపల. ఒప్పుకున్నంత తేలిగ్గా వద్దనే వీలు ఇవ్వలేదని ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా వేసింది.

మన దగ్గరా చట్టం వచ్చింది. దానికి పునాది వేసిన తీర్పుకు మన బెంగళూరు పెద్దమనిషి పేరే ఉంది. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి గారు ఎనభై దాటిన వయసులో, 2012లో, ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కే అన్నారు. 2023లో డేటా రక్షణ చట్టం, 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి. కంపెనీల మీద అసలు బరువు పడేది నియమాలు వచ్చిన 18 నెలలకు. చట్టంలో కుకీ అన్న మాట లేదు. అయితే మీ వివరాలకు అనుమతి అడిగితే స్పష్టంగా అడగాలి, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకునే వీలుండాలి. ఆ నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా చదువుకునే వీలివ్వాలి. అంటే తెలుగులో కూడా.

ప్రకటనల మాట అలా ఉంచితే, ఇంకో రకం చీటీ విషయంలో మనమే జాగ్రత్తపడాలి. మెయిల్‌లోకి లాగిన్ అయ్యాక వచ్చే చీటీ ఇంటి తాళంచెవి లాంటిది. అది దొంగ చేతిలో పడితే పాస్‌వర్డూ అక్కర్లేదు, ఓటీపీ కూడా అడగకపోవచ్చు. ఉచితంగా దొరికిందని దొంగ సాఫ్ట్‌వేర్లు దించుకునేవాళ్ళ కంప్యూటర్లలోంచి ఈ చీటీలే పట్టుకుపోతారు. అంత దూరం ఎందుకు, మన జిరాక్స్ షాపు చాలు. పోయిన నెల ఆధార్ ప్రింట్ తీసుకుందామని వెళ్ళి మెయిల్ తెరిస్తే, నాకంటే ముందొచ్చిన వారెవరిదో ఇన్‌బాక్స్ తెరుచుకొని కూర్చుంది. జీతం స్లిప్పులు, ఇంటి అద్దె ఒప్పందం, అన్నీ. పాపం, బ్రౌజర్ మూసేసి వెళ్ళిపోయారు, లాగౌట్ కాలేదు. నేను లాగౌట్ చేసి నాది తెరిచాను.

సరే, పిన్ని ఫోన్‌లో ఏం చేశానో చెబుతాను. క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్‌కు వెళ్ళి, థర్డ్ పార్టీ కుకీస్‌ను బ్లాక్ చేశాను. పాత చీటీలు చెరిపేశాను. చెరిపితే వాడి పద్దు పుస్తకం చిరిగిపోదు, 4127 ఎవరో ఆనవాలు పట్టడం కష్టమవుతుంది, అంతే. యాప్‌లలో ఇదే ఆట కుకీతో కాక ప్రకటనల ఐడీతో, అంటే ఫోన్‌కే ఇచ్చిన ఒక నంబరుతో, ఆడతారు. ఆండ్రాయిడ్‌లో దాన్ని గూగుల్ సెట్టింగ్స్‌లో ప్రకటనల దగ్గర తీసెయ్యొచ్చు, తీసేశాను. ఇన్‌కాగ్నిటో, అంటే చూసిన పేజీలను ఫోన్‌లో గుర్తుపెట్టుకోని బ్రౌజర్ పద్ధతి, గురించి కూడా అడిగింది. అది మూసేయగానే చీటీలు పోతాయి, కానీ తెరిచి ఉన్నంతసేపూ అవతలివాడికి మనం కనిపిస్తూనే ఉంటాం.

నాలుగు రోజులకు పిన్ని ఫోన్ చేసింది. తైలం తగ్గిందట. నొప్పి కాదు, ప్రకటన. "నిన్న ఇంకొకడు కుకీలని వచ్చినాడు రా. ఈసారి ఊ అనలా. వద్దు అనేది యాడుందో వెతికినా. అద్దాలు పెట్టుకుంటే గానీ కనపడలా" అంది.

సెలవు. నమస్కారం.