నెష్: బస్‌స్టాపులో దొరికిన పాత మాట

అందరికీ నమస్కారం.

నేను ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వచ్చిన మొదటి నవంబరులో ఒక పొద్దున బస్‌స్టాపులో నిలబడి ఉన్నాను. స్వెట్టరు, దాని మీద జాకెట్టు, మఫ్లరు, మంకీ క్యాపు. అయినా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పక్కన ఒక పెద్దావిడ, ఒంటిమీద ఉత్త కార్డిగన్. నన్ను ఎగాదిగా చూసి "యు ఆర్ నెష్, లవ్" అంది నవ్వుతూ. నాకు అర్థం కాలేదు. ఆఫీసులో అడిగితే, లండన్ వైపు నుంచి వచ్చిన ఒకతను "అది సరైన ఇంగ్లిష్ కాదులే, వదిలెయ్" అన్నాడు.

ఆ జవాబు గుచ్చుకుంది. మా అమ్మమ్మ మాటలు నా నోట్లోంచి వస్తే చిన్నప్పుడు బళ్లో అచ్చం ఇలాగే అనేవాళ్లు. అందుకే ఈ మాట వెంట పడ్డాను.

నెష్ అంటే చలికి ఆగలేని మనిషి. డెర్బీషైర్, నాటింగ్‌హమ్‌షైర్, స్టాఫర్డ్‌షైర్, చెషైర్, లాంకషైర్, మన షెఫీల్డ్ ఉన్న దక్షిణ యార్క్‌షైర్, ఈ చుట్టుపక్కల జనం ఇప్పటికీ వాడుతున్నారు. పిరికితనంతో వెనక్కి తగ్గడాన్ని కూడా కొన్నిచోట్ల నెష్ అంటారు.

పాత ఇంగ్లిష్‌లో దీని రూపం హ్నెషె. అర్థం మెత్తనిది, లేతది. ముందున్న హకారం తర్వాత రాలిపోయింది. మనం రోజూ అనే నట్, నెక్ కూడా ఒకప్పుడు అలా హకారంతో మొదలైనవే. మెత్తనిది కాస్తా బలం లేనిదయింది, బలం లేనిది చలికి ఆగలేనిదయింది. మనకిది వింతేం కాదు. "వాడు మరీ మెత్తని మనిషి" అన్నప్పుడు మనం చేసేదీ ఇదే.

నన్ను కట్టిపడేసింది మాత్రం బైబిల్లోని ఒక వచనం. మత్తయి సువార్త 11వ అధ్యాయం, 8వ వచనం. "సన్నపు బట్టలు" ధరించినవారు రాజగృహాల్లో ఉంటారని మన తెలుగు బైబిల్లో ఉంది కదా. దాదాపు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్ సువార్తలో ఆ సన్నపు అన్నచోట ఉన్నది ఈ హ్నెషె. అంతకంటే పాతది, ఇంగ్లిష్‌కు చుట్టమైన గోథిక్ అనే పాత భాషలో 4వ శతాబ్దపు అనువాదం, అక్కడా దీని చుట్టమే, హ్నస్క్వుస్. రాజుల బట్టలకు వాడిన మాటను సరైన ఇంగ్లిష్ కాదని ఎలా అంటాం? లండన్ మరిచిపోయింది, ఈ ఊళ్లు మరవలేదు. అంతే తేడా.

ఇలాంటి మాటల్ని పోగుచేసిన జోసెఫ్ రైట్ గురించి చెప్పకుండా ఉండలేను. 1855లో ఇక్కడికి దగ్గర్లోనే, బ్రాడ్‌ఫర్డ్ పక్కన పుట్టాడు. ఆరేళ్లకే గాడిదల బండి తోలాడు, ఏడేళ్లకు మిల్లులో దారపు కండెలు తీశాడు. పదిహేనేళ్లు వచ్చేదాకా చదవడం రాదు. తర్వాత రాత్రిబడికి వెళ్లాడు, జర్మనీలో డాక్టరేట్ తెచ్చుకున్నాడు, ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. అంత చదివినా తన యాసను దాచుకోలేదు. 1892లో సొంత ఊరు విండ్‌హిల్ మాటతీరుకే వ్యాకరణం రాశాడు! ఆ తర్వాత 1898 నుంచి 1905 దాకా ఆరు సంపుటాల ఇంగ్లిష్ మాండలిక నిఘంటువు తెచ్చాడు. నెష్ నాలుగో సంపుటంలో ఉంది. ఏ అర్థంలో ఏ జిల్లా వాళ్లు వాడతారో విడివిడిగా రాసిపెట్టాడు. మనకు భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తెచ్చారు. రైట్ గురించి చదువుతున్నంతసేపూ నాకు ఆయనే గుర్తొచ్చారు.

తర్వాతి చలికాలం అదే స్టాపులో ఆ పెద్దావిడ మళ్లీ కనిపించింది. మీరన్న మాటకు వెయ్యేళ్ల పైనే వయసుందండీ అని ఈ కథంతా చెప్పాను. బస్సొచ్చినా ఎక్కకుండా విన్నది. "మేం పిల్లలప్పుడు పొయ్యి దగ్గర్నుంచి కదలకపోతే మా అమ్మ అలా అనేది. బళ్లో అంటే మాత్రం టీచరు కొట్టేది" అంది.