మోకాలు వంగని మనిషికి రైలుపెట్టె ఎంత ఎత్తు?

(అక్టోబరు 1, అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం నాడు నల్లగొండలో ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎండను లెక్కచేయకుండా వచ్చిన విశ్రాంత ఉద్యోగ మిత్రులకు, వారిని చేయి పట్టి ఇక్కడిదాకా నడిపించుకొచ్చిన కొడుకులకు, కోడళ్లకు, మనవళ్లకు నా నమస్కారాలు. ఐక్యరాజ్యసమితి 1990లో ఈ దినాన్ని ప్రకటించిన సంగతి నాకు ముందు మాట్లాడినవారు వివరించారు కనుక నేను మళ్లీ చెప్పను. నిర్వాహకులు నన్ను వృద్ధాప్యంలో మనశ్శాంతి గురించి మాట్లాడమన్నారు. వారు మన్నిస్తే నేను మెట్ల గురించి మాట్లాడతాను, ఎందుకంటే రెండేళ్లుగా నాకూ మా అక్కకూ మనశ్శాంతి లేకుండా చేసినవి రైల్వే స్టేషనులోని మెట్లే.

మా అక్క మర్రిగూడ వైపు పల్లెలో పుట్టి, ఆ వైపు పల్లెకే కోడలై, అరవై ఏళ్లకు పైగా అక్కడి బోరునీరే తాగిన మనిషి. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదన్న మాట ఆమె చిన్నతనంలో ఆ పల్లెలో ఎవరికీ తెలియదు. నీటిలోంచి ఆ ఫ్లోరైడును పటికతో, సున్నంతో తీసే పద్ధతికి నాగపూర్‌లోని పరిశోధన సంస్థ మన జిల్లా పేరే పెట్టి నల్లగొండ పద్ధతి అన్నది. ఈనాడు నల్లాలో కృష్ణానీరు వస్తున్నది, పిల్లలు నిటారుగా పెరుగుతున్నారు, సంతోషమే. కానీ మంచినీళ్లు వచ్చినంత మాత్రాన ఫ్లోరైడుతో గట్టిపడిన వెన్నెముక మళ్లీ వంగదు. మా అక్క మెడ పక్కకు తిరగదు, చేయి భుజానికి మించి లేవదు, పాదం నేల నుంచి జానెడు ఎత్తుకు మాత్రమే లేస్తుంది. ఈ జానెడు అన్న కొలతను దయచేసి గుర్తుంచుకోండి, నేను చెప్పబోయే లెక్క అంతా దాని మీదనే ఆధారపడి ఉంది.

రెండేళ్ల కింద ఆమెను దక్షిణాదిలోని ఒక ఆసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. నేరుగా పోయే బండిలో కింది బెర్తు దొరకనందున, దారిలో ఒక పెద్ద జంక్షనులో దిగి మరో బండి ఎక్కేటట్టు టికెట్లు తీశాను. ఆ జంక్షను పేరు చెప్పను, ఎవరి మీదా నింద వేయడం నా ఉద్దేశం కాదు. రెండు బండ్ల నడుమ గంటన్నర వ్యవధి ఉంది కదా, చాలునని లెక్క వేసుకున్నాను. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పిన నేను చేసిన తప్పు లెక్క అది. మేము మొదటి ప్లాట్‌ఫారం మీద కూర్చొని ఉండగా, రావలసిన బండి నాలుగో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందని మైకులో చెప్పారు. లిఫ్టు దగ్గరికి పోతే తలుపు మీద పనిచేయడం లేదన్న కాగితం అంటించి ఉంది. ఇద్దరు కూలీలు ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి వంతెన మెట్ల మీదుగా మోశారు. వారు మంచివారే, కానీ నడుము వంగని మనిషి కుర్చీలో కూర్చోదు, వాలుతుంది. ప్రతి మెట్టుకూ ఆమె కిందికి జారుతూనే ఉంది. వంతెన మీదికి చేరాక చూస్తే మందుల సంచి, రెండు పెట్టెలు కిందనే ఉన్నాయి. అక్కను పైన ఒంటరిగా నిలబెట్టి నేను సామాను కోసం కిందికి పరుగెత్తాను. నేను తిరిగి పైకి వచ్చేసరికి బండి కదిలిపోయింది. ఆ రాత్రంతా ఆ స్టేషనులోనే బెంచీ మీద గడిపాము. తెల్లవారుజామున ఆమె నాతో అన్న మాటను ఆమె నోటితోనే వినండి: "తమ్మీ, ఇంట్ల నుంచి మనిషి లెక్క ఎల్లిన, ఈడికి మూట లెక్క వచ్చిన."

ఈ మాట విన్న నాటి నుంచి నేను ఏ స్టేషనుకు పోయినా మెట్లు లెక్కపెడుతున్నాను, ఎత్తులు కొలుస్తున్నాను. ఆ లెక్క మీ ముందు పెడతాను. రైలుపట్టాల నుంచి రైలుపెట్టె లోపలి నేల దాదాపు 130 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. రైల్వేవారు 'ఎత్తు ప్లాట్‌ఫారం' అని పిలిచేది పట్టాల నుంచి 76 నుంచి 84 సెంటీమీటర్లు. అంటే ఉత్తమమైన స్టేషనులో కూడా ప్లాట్‌ఫారానికీ పెట్టె నేలకూ నడుమ అర మీటరు తేడా ఉంటుంది, అది రెండు జానలకు పైచిలుకు. మధ్యరకం ప్లాట్‌ఫారం ఎత్తు 45 సెంటీమీటర్ల చిల్లర మాత్రమే కనుక అక్కడ తేడా 85 సెంటీమీటర్లు, అది నాలుగు జానలకు కాస్త తక్కువ. జానెడు మించి కాలు లేవని మనిషికి ఇది మెట్టు కాదు, గోడ. ర్యాంపు వేయవచ్చు కదా అని ఎవరైనా అడగవచ్చు. చక్రాల కుర్చీకి ఆమోదించిన వాలు ఒకటికి పన్నెండు, అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు కావాలి. అర మీటరు ఎక్కడానికి ఆరు మీటర్ల పలక కావాలి, 85 సెంటీమీటర్లకైతే పది మీటర్లు దాటుతుంది. అంత పలకను పరిచేందుకు ఏ ప్లాట్‌ఫారం మీద చోటుంది? అందుకే ప్లాట్‌ఫారం ఎత్తు పెంచమని అడగడమే ముందుగా అడగవలసిన విషయమని నేను పదేపదే అంటున్నాను. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల, గద్వాల స్టేషన్లు, స్టేషన్లను బాగుచేసే అమృత్ భారత్ పథకంలో ఉన్నాయి. ముందరి గోడకు రంగు ఎంత బాగుందని కాక, చివరి పెట్టె ఆగే చోట ప్లాట్‌ఫారం ఎంత ఎత్తుందని మనం అడగాలి.

ఎత్తు పెరిగే లోపల మన ప్రయాణం మనం చేయాలి కదా. మా వడ్రంగితో జానెడు ఎత్తున్న వెడల్పాటి టేకు పీట చేయించి దానికి తాడు కట్టించాను. తలుపు దగ్గర పీట వేస్తే అక్క ముందు పీట మీదికి, అక్కడి నుంచి పెట్టె మెట్టు మీదికి, ఆ తరువాత లోపలికి అడుగు వేస్తుంది. ఆమె ఎక్కాక తాడుతో పీటను లోపలికి లాక్కుంటాను. బండి ఒకటి రెండు నిమిషాలు మాత్రమే ఆగే మన స్టేషన్లలో ఇది సాధ్యం కావాలంటే, మన పెట్టె ఎక్కడ ఆగుతుందో ముందే తెలిసి, ఆ చోటనే నిలబడి ఉండాలి. పెట్టెల వరుస అప్పుడప్పుడు తిరగబడుతుంది కనుక ఆ రోజే స్టేషను మాస్టరును అడగాలి. వేరే పెట్టె ఎక్కి లోపలి నుంచి నడిచి పోవచ్చన్న మాట మోకాళ్లు వంగే వారికే వర్తిస్తుంది.

బెర్తు విషయంలో కూడా లెక్క ఉంది. స్లీపరులోనూ మూడో తరగతి ఏసీలోనూ బెర్తు సంఖ్యను ఎనిమిదితో భాగిస్తే శేషం ఒకటి గాని నాలుగు గాని వస్తే అది కింది బెర్తు, ఏడు వస్తే పక్క కింది బెర్తు. అరవై దాటిన పురుషులకు, నలభై అయిదు దాటిన స్త్రీలకు కింది బెర్తు కోటా ఉంది, టికెట్టు తీసేటప్పుడు దాన్ని ఎంచుకోవాలి. అయితే కింది బెర్తు దొరికిందని సంబరపడకండి. రాత్రి పది దాటి మధ్య బెర్తు వేశాక కింద కూర్చోవాలంటే మెడ వంచాలి, మెడ వంగని వారికి అక్కడ కూర్చునే చోటే లేదు. పక్క కింది బెర్తు మీద మధ్య బెర్తు ఉండదు కనుక నడుము వంగని వారికి అదే మేలు, కాని దాని నడుమ అతుకు వెన్నుకు తగలకుండా మందపాటి బొంత పరచుకోవాలి. రెండో తరగతి ఏసీలో మధ్య బెర్తులే ఉండవు. సహాయకుడు లేకుండా ప్రయాణించలేని అంగవైకల్యం ఉన్నవారికీ, వెంట వచ్చే సహాయకునికీ అందులో సగం రాయితీ ఉంది, స్లీపరులో, మూడో తరగతి ఏసీలో అయితే ముప్పావు వంతు ఉంది. ఫ్లోరోసిస్‌తో, అంటే ఆ ఫ్లోరైడు జబ్బుతో, నడుము పట్టేసిన మనవారిలో ఎంతమంది ఆ రాయితీకి కావలసిన ధ్రువపత్రం తీసుకున్నారు? ఈ సభలో చేతులెత్తమని అడుగుదామనుకున్నాను, కాని చేయి లేవని వారు కూడా ఇక్కడ ఉన్నారని ఇప్పుడే చూశాను. మన్నించండి. ధ్రువపత్రాల పని మీద నేను ప్రతి శనివారం ఈ భవనంలోనే ఉంటాను, రండి.

సామాను గురించి ఒక్క మాట చెబితే చాలు. స్లీపరు ప్రయాణికునికి 40 కిలోలు ఉచితమని నియమం ఉంది, ఆ నియమం చూసి మేము 40 కిలోలు కట్టుకొని పోయాము. సామాను పట్టుకున్న చేయి మనిషిని పట్టలేదు. ఇప్పుడు మేము మోసేది భుజానికి తగిలించుకునే ఒక్క సంచి. మందులు, కాగితాలు అక్క మెడలోని చిన్న సంచిలో ఉంటాయి, తక్కిన బట్టలు ముందే పార్సిలులో పోతాయి. దింపడానికి వచ్చే వారిలో ఒకరు సామానుకు, ఒకరు మనిషికి అని ఇంట్లోనే తేల్చుకుంటాము.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ప్రయాణాన్ని దిగే స్టేషను నుంచి వెనక్కి ఆలోచించాలి. దిగే చోట బయటికి మెట్లు లేని దారి ఉందా, మన బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది, ఆ వైపు ఆటో వస్తుందా అన్నవి తెలిశాకనే టికెట్టు తీయాలి. సికింద్రాబాద్‌కు ఒకటో నంబరు వైపు ఒక ద్వారం, పదో నంబరు వైపు మరో ద్వారం ఉన్నాయని మనకు తెలుసు, పనులు సాగుతున్నందున అక్కడి దారి కూడా వెళ్లే ముందు విచారించాలి. 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్లో లిఫ్టులు, ఎస్కలేటర్లు ఉన్నాయి, నల్లగొండ దారి బండ్లకు అది అనుకూలమైన చోటు. చక్రాల కుర్చీ కోసం ముందు రోజే స్టేషనుకు చెప్పాలి, రైల్వే సహాయ నంబరు 139కి కూడా ఫోను చేయాలి. నేరుగా పోయే బండి నాలుగు గంటలు ఆలస్యంగా చేర్చినా సరే, బండి మారవద్దు.

ఇదంతా మనం చేయవలసిన పని, కాని అంతా మనమే చేయవలసినది కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం రైల్వే స్టేషన్లలో సౌకర్యాలు కల్పించమని 41వ సెక్షనులో చెప్పింది. సౌకర్య ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోరాదని, తప్పక పాటించవలసిన నియమాలుగా రూపొందించాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మాకు ఆ రాత్రి కావలసింది జాలి కాదు. బండి ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుంది, లిఫ్టు పని చేస్తున్నదా అన్న రెండు సంగతులు టికెట్టు తీసిన ఫోనుకే ముందుగా చెప్పి ఉంటే మా అక్క మనిషిగానే చేరేది. నడవలేని ప్రయాణికుడు ఎక్కవలసిన బండికి చివరి నిమిషంలో ప్లాట్‌ఫారం మార్చరాదని నేను అడుగుతున్నాను. మార్చక తప్పకపోతే ఆ మనిషిని దాటించాకనే బండి కదలాలని అడుగుతున్నాను.

వచ్చే మంగళవారం ఉదయం పది గంటలకు నేను టేపు, నోటుపుస్తకం తీసుకొని మన స్టేషనుకు పోతున్నాను, అనుమతి కోసం లేఖ ఇచ్చాను. గేటు నుంచి ప్రతి ప్లాట్‌ఫారానికి ఎన్ని మెట్లున్నాయో, ఎక్కడెక్కడ వాలు ఉందో, ప్లాట్‌ఫారం రెండు చివరల ఎత్తు ఎంతో కొలిచి, పటం గీసి, డివిజన్ అధికారులకు పంపుతాను. లెక్క రాయడానికి ఇద్దరు పిల్లలు కావాలి. మోకాళ్లు వంగనివారు కనీసం ముగ్గురు రావాలని నా విన్నపం, ఎందుకంటే నా కాలికి అందే మెట్టును నేను మెట్టుగా గుర్తించలేను. అక్క వస్తానన్నది, ఆమెతో పాటు పీట కూడా వస్తుంది.