పాడుబడ్డ ఏరియాని బాగుచేసేటప్పుడు అక్కడ ఉండేవాళ్ళని ఏం అడగాలి, ఎప్పుడు అడగాలి

అందరికీ నమస్కారం. ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. ఒక ఏరియా బాగా పాడైపోయి, దాన్ని మళ్ళీ నిలబెట్టాలని ఎవరో అనుకున్నప్పుడు అక్కడ ఉండేవాళ్ళు ఏమంటారు, వాళ్ళ మాట ఎవరైనా వింటారా అనేది ఈరోజు మన విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా, కారణాలు తర్వాత. ఫలానా ఏరియా జనం రీడెవలప్‌మెంట్‌కి వ్యతిరేకం అని ఎవరైనా చెప్పినా, అందరూ సపోర్టే అని చెప్పినా నేను నమ్మను. ఎందుకంటే అక్కడి మనిషి ముందు తేల్చుకోవాలనుకునేది పని అంతా అయ్యాక నేను ఇక్కడే ఉంటానా, ఇదే అద్దెకి ఉండగలనా అని, బిల్డింగ్ ఎంత ఎత్తు, పార్కు ఎక్కడ అనేవి దాని తర్వాతే. ఆ ప్రశ్నకి కాగితం మీద జవాబు ఇవ్వకుండా తీసుకున్న అభిప్రాయం సగం అభిప్రాయమే.

స్థానికులు అని ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో ఎంతమంది ఉన్నారో చూడండి. సొంతింట్లో ఉండేవాళ్ళు ఉన్నారు, ఇల్లు ఇక్కడ పెట్టుకుని తాము వేరే చోట ఉండే ఓనర్లు ఉన్నారు, అద్దెకి ఉండేవాళ్ళు, షాపు అద్దెకి తీసుకుని వ్యాపారం చేసుకునేవాళ్ళు, రోడ్డు పక్కన అమ్ముకునేవాళ్ళు, పొద్దున పనికొచ్చి రాత్రికి వెళ్ళిపోయేవాళ్ళు. ఏరియాలో స్థలం రేటు పెరుగుతుందట అనే ఒకే వార్త సొంతిల్లు ఉన్నాయనకి పండగ, పక్క వాటాలో అద్దెకున్నావిడకి నిద్రపట్టనివ్వని కబురు. ఇద్దరూ చెప్పేది నిజమే. సర్వేలో ఆ ఇద్దరినీ కలిపి యాభై శాతం అనుకూలం అని రాసేస్తే దానివల్ల మనకి తెలిసేది ఏమీ లేదు, పైగా తెలిసిందనుకుంటాం, అది ఇంకా ప్రమాదం.

ఇంకో మాట, ఇది నన్ను బాగా బాధపెట్టే విషయం. ప్లాన్‌ని ప్రశ్నించినవాళ్ళని అభివృద్ధికి అడ్డం అనేస్తారు. కారుతున్న పైకప్పు కింద పడుకునేది ఎవరు, లైటు లేని సందులో ఆడపిల్ల ఇంటికి వచ్చేదాకా గుమ్మంలో నిలబడేది ఎవరు, మురుక్కాలవ పొంగితే ఎత్తిపోసుకునేది ఎవరు? బాగుపడాలని అందరికంటే ఎక్కువ కోరుకునేది వాళ్ళే. వాళ్ళ భయమంతా ఆ బాగు వచ్చే టైముకి తాము అక్కడ ఉండమేమో అని.

పాడుబడడం కూడా దానంతట అది జరగదు, ఇది కాస్త గుర్తుపెట్టుకోండి. ఏరియాని పడగొడతారట అన్న మాట బయటికి రాగానే ఓనరు రిపేర్లు ఆపేస్తాడు, ఎలాగూ కూల్చేదానికి డబ్బులెందుకు పెట్టాలి అని, బ్యాంకు లోను ఇవ్వదు, వెళ్ళగలిగినవాళ్ళు వెళ్ళిపోతారు, ఖాళీ అయిన ఇళ్ళలో తలుపులు కిటికీలు పోతాయి, అలా పది పదిహేనేళ్ళు గడిచాక ఎవరో వచ్చి ఫొటోలు తీసి చూశారా ఎంత దరిద్రంగా ఉందో, కూల్చడం తప్ప దారి లేదు అంటారు. ఆ ఫొటోలో కనిపించేదాంట్లో చాలా భాగం ఆ పుకారు వచ్చాక జరిగిందే.

ఇప్పుడు ఒక ఊరి సంగతి వివరంగా చెప్తా, ఎందుకంటే ఒకే ఊళ్ళో ముప్పై ఏళ్ళ తేడాతో రెండు పూర్తిగా వేరే కథలు జరిగాయి. అమెరికాలో బోస్టన్. అక్కడ వెస్ట్ ఎండ్ అనే ఏరియా ఉండేది, ఇటలీ నుంచి, పోలండ్ నుంచి, ఇంకా చాలా చోట్ల నుంచి వచ్చిన కార్మిక కుటుంబాలు, చవక అద్దెలు, ఇరుకు సందులు. 1949 నాటి హౌసింగ్ చట్టం కింద ఇలాంటి ఏరియాల్ని స్లమ్ అని ప్రకటించి ఖాళీ చేయించడానికి కేంద్ర ప్రభుత్వం డబ్బులిచ్చేది. అలా 1958 నుంచి వెస్ట్ ఎండ్‌ని దాదాపు మొత్తం నేలమట్టం చేశారు, దాదాపు 2,700 కుటుంబాలు వెళ్ళిపోవాల్సొచ్చింది, ఆ స్థలంలో లేచినవి బాగా డబ్బున్నవాళ్ళు ఉండే అపార్ట్‌మెంట్లు.

కూల్చడానికి ముందు హెర్బర్ట్ గాన్స్ అనే సోషియాలజిస్ట్ కొన్ని నెలలు అక్కడే కాపురం ఉండి జనాన్ని దగ్గరగా చూశాడు. ఆయన చెప్పింది ఏంటంటే అది స్లమ్ కాదు, అద్దెలు తక్కువగా ఉండే మామూలు ఏరియా, బయటనుంచి చూసేవాళ్ళకి పేదరికం కనిపించింది గానీ లోపల ఉన్న చుట్టరికాలు, స్నేహాలు కనిపించలేదు అని. మరి అంత దగ్గరి సంబంధాలు ఉన్నవాళ్ళు గట్టిగా ఎందుకు పోరాడలేదు? ఆయన చూసిన కారణాల్లో ముఖ్యమైనది, చాలామంది ఇది నిజంగా జరుగుతుందని చివరిదాకా నమ్మలేదు. ఏళ్ళ తరబడి అదిగో ఇదిగో అంటూనే ఉన్నారు, ఏమీ జరగలేదు, ఇప్పుడూ అంతేలే అనుకున్నారు. మనం మౌనం అర్ధాంగీకారం అంటాం గదా, అక్కడ మాత్రం మౌనానికి అర్థం నమ్మకపోవడం. అధికారులు దాన్ని అంగీకారం కింద లెక్కేసుకున్నారు. మీటింగ్‌కి ఎవరూ రాలేదు కాబట్టి అభ్యంతరాలు లేవు అని రాసుకునే ప్రతి ఆఫీసరూ ఈ ఒక్క సంగతి చదవాలని నాకు అనిపిస్తుంది.

తర్వాత ఏమైందో కూడా వినండి. మార్క్ ఫ్రైడ్ అనే సైకాలజిస్ట్ ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళతో మాట్లాడి 1963లో రాశాడు, సొంత మనిషి చనిపోతే పడే దుఃఖం లాంటిదే వాళ్ళలో చాలామంది పడ్డారు, కొందరైతే రెండేళ్ళయినా తేరుకోలేదు. కొత్త ఇంట్లో గదులు పెద్దవే, వెలుతురు బాగానే ఉంది, అయినా పోయింది ఇల్లు ఒక్కటే కాదు కదా. 2015లో, అంటే యాభై ఏళ్ళు దాటాక, ఆ కూల్చివేత చేసిన బోస్టన్ రీడెవలప్‌మెంట్ అథారిటీయే వెస్ట్ ఎండ్ వాళ్ళకి క్షమాపణ చెప్పింది. అప్పటికి ఆ క్షమాపణ వినడానికి మిగిలినవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి.

అదే బోస్టన్‌లో డడ్లీ స్ట్రీట్. 1980ల్లో అక్కడ పరిస్థితి వెస్ట్ ఎండ్ కంటే చాలా అధ్వాన్నం, నిజంగానే పాడుబడింది, ఇన్సూరెన్స్ డబ్బుల కోసం ఇళ్ళు తగలబెట్టారు, ఎక్కడ చూసినా ఖాళీ స్థలాలు, ఊళ్ళో చెత్తంతా తెచ్చి అక్కడ పోసేవాళ్ళు. ఒక ఫౌండేషన్ సాయం చేస్తామని ముందుకొచ్చింది, మంచి ఉద్దేశంతోనే, సంస్థలన్నీ కలిసి ఒక కమిటీ ప్లాన్ చేశాయి, అందులో అక్కడ ఉండేవాళ్ళకి సీట్లు తక్కువ. ఆ ప్లాన్ చూపించడానికి పెట్టిన పబ్లిక్ మీటింగ్‌లో జనం లేచి మీలో ఈ ఏరియాలో ఉండేవాళ్ళు ఎంతమంది అని నిలదీశారు. ఇక్కడ ఆ పెద్దలు చేసిన పని నాకు చాలా నచ్చుతుంది, అలిగి వెళ్ళిపోలేదు, కమిటీని మళ్ళీ మొదటినుంచి కట్టుకోవడానికి ఒప్పుకున్నారు. కొత్త బోర్డులో మెజారిటీ అక్కడ ఉండేవాళ్ళదే, నల్లజాతి వాళ్ళు, ఆఫ్రికా దగ్గరి కేప్ వర్డ్ దీవుల నుంచి వచ్చినవాళ్ళు, లాటిన్ అమెరికా మూలాలున్న లాటినోలు, తెల్లవాళ్ళు, జనాభాలో ఎవరెంత ఉన్నా ఈ నాలుగు వర్గాలకీ సమానంగా సీట్లు.

వాళ్ళు మొదట పట్టుకున్నది పెద్ద ప్లాన్ కాదు, చెత్త. మా మీద చెత్త పొయ్యకండి అని ఉద్యమం చేశారు, లారీలు ఆపించారు, మేయర్‌ని రప్పించారు. చెత్త పోయాక జనానికి నమ్మకం వచ్చింది, నమ్మకం వచ్చాక ప్లాన్ మీద కూర్చున్నారు, సొంతంగా ప్లాన్ తయారు చేసుకున్నారు, సిటీ దాన్నే తీసుకుంది. 1988లో ఖాళీ స్థలాల్ని స్వాధీనం చేసుకునే అధికారం కూడా ఆ సంఘానికే ఇచ్చారు. ఇచ్చింది ఎవరో తెలుసా, ఇందాక వెస్ట్ ఎండ్‌ని కూల్చిందని చెప్పానే, ఆ అథారిటీయే! ఏ అధికారంతో వెస్ట్ ఎండ్ వాళ్ళని వెళ్ళగొట్టారో అదే అధికారం డడ్లీ స్ట్రీట్ వాళ్ళ చేతికి వచ్చింది. ఆ స్థలాల్ని వాళ్ళు ల్యాండ్ ట్రస్ట్‌లో పెట్టారు, అంటే ఇల్లు కొన్నవాళ్ళది, కింద నేల ట్రస్ట్‌ది, 99 ఏళ్ళ లీజు, అమ్ముకోవచ్చు గానీ ఇష్టమొచ్చిన రేటుకి కాదు, దానికి లెక్క ఉంటుంది. అందువల్ల ఏరియా బాగుపడి చుట్టూ రేట్లు పెరిగినా ఆ ఇళ్ళు మామూలు జీతగాళ్ళకి అందుబాటులోనే ఉంటాయి.

1969లో షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది, కింద మెట్ల మీద జనాన్ని మభ్యపెట్టడం, మధ్యలో సమాచారం ఇవ్వడం, అభిప్రాయం అడగడం, పైన అధికారం పంచుకోవడం. అభిప్రాయం అడగడం నాలుగో మెట్టు మాత్రమే. మనకి జరిగే చాలా మీటింగులు ఆ నాలుగో మెట్టు ఎక్కి అక్కడే ఆగిపోతాయి, విన్నాం, రాసుకున్నాం, థాంక్యూ.

లండన్ వాళ్ళు 2018లో ఒక మెట్టు పైకెళ్ళారు. అంతకుముందు వాళ్ళకి హేగేట్ ఎస్టేట్ అనుభవం ఉంది, 1974లో పూర్తయిన పెద్ద ప్రభుత్వ ఇళ్ళ సముదాయం, దాదాపు 1,200 ఇళ్ళు, కూల్చేసి అక్కడ రెండు వేలకి పైగా కొత్త ఇళ్ళు కట్టే ప్లాన్‌కి 2013లో అనుమతి ఇస్తే అందులో పాత పద్ధతి సోషల్ అద్దెకి, అంటే తక్కువ ఆదాయం వాళ్ళకిచ్చే చవక అద్దెకి, ఒప్పుకున్నవి వంద కూడా లేవు. జనం చాలా గొడవ చేశారు. 2018 నుంచి ఏంటంటే, సోషల్ ఇళ్ళు కూల్చి 150 లేదా అంతకంటే ఎక్కువ కొత్త ఇళ్ళు కట్టే ప్రాజెక్టుకి మేయర్ ఫండింగ్ కావాలంటే ముందు అక్కడ ఉండేవాళ్ళ ఓటు కావాలి. పదహారేళ్ళు నిండితే ఓటు ఉంది. ఓటుకి ముందు ఓనర్ సంస్థ రాతపూర్వకంగా ఆఫర్ ఇవ్వాలి, తిరిగి వచ్చే హక్కు ఉందా, ఎలాంటి అద్దె ఒప్పందం, సొంతంగా కొనుక్కున్నవాళ్ళకి ఏమిస్తారు, అన్నీ అందులో ఉండాలి.

ఫలితం ఏమైందనుకుంటున్నారు? ఎక్కువ చోట్ల జనం సరే అనే ఓటేశారు. అభివృద్ధికి అడ్డం అని పేరుపడ్డవాళ్ళే. నేను మొదట్లో చెప్పింది ఇదే, ఉంటానా లేదా అన్నదానికి రాత జవాబు వచ్చాక మనిషి డ్రాయింగ్ వైపు చూస్తాడు, అప్పుడు ఆ డ్రాయింగ్ గురించి చాలా తెలివైన మాటలు కూడా చెప్తాడు. ఆ పద్ధతిలో నాకు నచ్చనిది ఒకటుంది, ప్రైవేటుగా అద్దెకున్నవాళ్ళు కనీసం ఏడాదిగా కౌన్సిల్ ఇళ్ళ, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం ఇచ్చే ఇళ్ళ, వెయిటింగ్ లిస్టులో లేకపోతే వాళ్ళకి ఓటు లేదు. అందరికంటే ముందు వెళ్ళిపోవాల్సి వచ్చేది వాళ్ళే, వాళ్ళ మాటే లెక్కలోకి రాదు, ఇది సరికాదు.

బెర్లిన్‌లో క్రాయిట్స్‌బెర్గ్ అనే ఏరియా ఇంకో దారి చూపించింది. అక్కడా మొదట కూల్చడమే ప్లాన్, జనం ఖాళీ ఇళ్ళలోకి దూరి కూర్చున్నారు, చివరికి 1980ల మొదట్లో పన్నెండు సూత్రాలు ఒప్పుకున్నారు, మొదటి సూత్రమే ఇప్పుడున్న నివాసులతో, వ్యాపారులతో కలిసి ప్లాన్ చెయ్యాలి అని. కూల్చకుండా మెల్లమెల్లగా, ఇంటివాళ్ళతో మాట్లాడుకుంటూ రిపేరు చేశారు. తర్వాతి కాలంలో అక్కడ కూడా అద్దెలు బాగా పెరిగాయి. అందుకే ఒకసారి అడిగాం కదా అని వదిలెయ్యకూడదు, పని అయ్యాక పదేళ్ళకి కూడా అద్దెల సంగతి చూసేవాళ్ళు ఉండాలి.

అక్కడ నివసించకపోయినా అక్కడే బతికేవాళ్ళని మర్చిపోతారు. సియోల్‌లో రోడ్డు కింద కప్పేసిన చాంగ్‌గ్యేచాన్ వాగు మీద ఉన్న ఫ్లైఓవర్ తీసేసి 2003 నుంచి 2005 లోపు దాదాపు 5.8 కిలోమీటర్లు వాగుని పైకి తెచ్చారు, ప్రపంచమంతా మెచ్చుకున్న పని, నాకూ ఇష్టమే. ఆ దారిలో అమ్ముకునే వీధి వ్యాపారుల్లో చాలామందిని డాంగ్‌డేమున్ స్టేడియంలోకి పంపారు, కొన్నేళ్ళకే డిజైన్ ప్లాజా కోసం ఆ స్టేడియం కూడా కూల్చారు, వాళ్ళు మళ్ళీ సామాన్లు సర్దుకున్నారు. వాగు ఒడ్డున నడిచేవాళ్ళని ఎలా ఉంది అని అడిగితే బ్రహ్మాండం అంటారు, అది అబద్ధం కాదు, కానీ అడగాల్సినవాళ్ళు అప్పటికే అక్కడ లేరు.

కాబట్టి మీలో ఎవరైనా ఇలాంటి ప్రాజెక్టులో అటువైపో ఇటువైపో ఉంటే నా రిక్వెస్ట్ ఇదే. డ్రాయింగ్ గీయకముందు అడగండి, గీశాక అడిగితే జనం మాట్లాడేది గోడ రంగు గురించే. ఒక్క సాయంత్రం మీటింగ్ పెడితే రాత్రి డ్యూటీ వాళ్ళు రారు, పిల్లల తల్లులు రారు, కాబట్టి మీరే గడప గడపకీ వెళ్ళండి. సొంతిల్లు వాళ్ళవి, అద్దె వాళ్ళవి, వ్యాపారులవి అభిప్రాయాలు విడివిడిగా రాసుకోండి. విన్న మాటల్లో ఏది తీసుకున్నారు, ఏది తీసుకోలేదు, ఎందుకు తీసుకోలేదు అని తిరిగొచ్చి చెప్పండి, దీన్ని దాదాపు ఎవరూ చెయ్యరు, అందుకే రెండోసారి పిలిస్తే ఎవరూ రారు. డడ్లీ స్ట్రీట్ వాళ్ళలాగా ముందు ఒక చిన్న పని, చెత్తో లైటో నీళ్ళో, వెంటనే చేసి చూపించండి.

అద్దె షాపుల వాళ్ళకి మాత్రం నా దగ్గర సరైన జవాబు లేదు. ఇంటికి ఇచ్చినట్టు షాపుకి తిరిగి వచ్చే హక్కు ఇచ్చినా మధ్యలో రెండు మూడేళ్ళు కస్టమర్లు వేరే చోటికి అలవాటు పడిపోతారు, అప్పుడు ఆ హక్కుతో వాళ్ళు ఏం చేసుకోవాలి? మీలో వ్యాపారం చేసేవాళ్ళు ఉన్నారు, దీని గురించి మీ మాట వినాలని ఉంది, ముందు వాళ్ళకి మైకు ఇవ్వండి.