కొలనోస్కోపీ తర్వాత ఇంట్లో: మొదటి రోజు, ఆపై రెండు వారాలు

నమస్కారం. కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకుని ఇంటికి చేరిన తర్వాత ఏ ఇబ్బందులు సహజమో, వేటిని ఉపేక్షించకూడదో ఈ వీడియోలో తెలుసుకుందాం.

[దృశ్యం: పెద్దపేగు రేఖాచిత్రం]

పరీక్ష చేసేటప్పుడు పేగు ముడతలు విచ్చుకుని లోపలి పొర స్పష్టంగా కనిపించేందుకు గాలినో, కార్బన్ డయాక్సైడ్‌నో లోపలికి పంపుతారు. ఇంటికి వచ్చాక కడుపు ఉబ్బరంగా ఉండడానికీ, మెలిపెట్టినట్టు నొప్పి రావడానికీ చాలావరకు కారణం అదే. కార్బన్ డయాక్సైడ్ రక్తంలోకి త్వరగా ఇంకిపోతుంది. మామూలు గాలి మాత్రం ఎక్కువగా కిందినుంచే బయటకు పోవాలి. కాబట్టి బిడియపడి ఆపుకోకుండా, ఇంట్లోనే నెమ్మదిగా అటూ ఇటూ నడవండి.

మత్తుమందు ప్రభావం మనకు తెలియకుండానే కొనసాగుతుంది. తెలివి పూర్తిగా వచ్చిందనిపించినా 24 గంటల వరకు వాహనం నడపడం, మద్యం తాగడం, ముఖ్యమైన పత్రాలపై సంతకం చేయడం కూడదు. మిడజోలం వంటి మత్తుమందు ఇచ్చినప్పుడు, పరీక్ష తర్వాత డాక్టరు చెప్పిన మాటలు కూడా గుర్తుండకపోవచ్చు. అందుకే వెంట వచ్చినవారు ఆ మాటలు విని రాసుకోవడం, ఆ రాత్రి తోడుగా ఉండడం ఎంతో అవసరం.

విరేచనాల మందు వల్ల ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది కనుక తరచుగా నీరు తాగుతూ, తేలికైన ఆహారంతో మొదలుపెట్టండి. పేగు ఖాళీ అయినందువల్ల రెండు మూడు రోజులు విరేచనం కాకపోయినా కంగారు పడనక్కరలేదు. మధుమేహానికి మందులు వాడేవారు మామూలు మోతాదు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరును అడగాలి. సరిగా తినకుండా ఇన్సులిన్ తీసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

[దృశ్యం: పాలిప్ తొలగించిన చోటు]

పాలిప్, అంటే పేగు లోపలి పొరపై పెరిగే చిన్న కండ, తీయించుకున్నవారు ఇక్కడ మరింత శ్రద్ధగా వినాలి. మొదట్లో కొద్దిగా రక్తపు చారలు కనిపించడం మామూలే. అయితే విద్యుత్ వేడితో పాలిప్‌ను కోసిన చోట ఏర్పడిన పక్కు కొన్ని రోజులకు ఊడినప్పుడు, అంతవరకు ఏ ఇబ్బందీ లేనివారికి కూడా రక్తస్రావం కావచ్చు. రెండు వారాల వరకు ఈ అవకాశం ఉంటుంది కాబట్టి, మొదటి రోజు హాయిగా గడిచినంత మాత్రాన ఈ విషయాన్ని మరచిపోకండి. పెద్ద పాలిప్ తీస్తే బరువులెత్తడం, కఠినమైన వ్యాయామం ఎన్నాళ్లు మానాలో అడిగి తెలుసుకోండి. రక్తం పలచబడే మందుల విషయంలో సొంత నిర్ణయం అసలే వద్దు: తొందరపడి మొదలుపెడితే రక్తస్రావం, భయపడి మానేస్తే రక్తం గడ్డకట్టడం, రెండూ ప్రాణాంతకం కావచ్చు. ఏ రోజున మొదలుపెట్టాలో డాక్టరు చేత రాయించుకోవడమే మంచిది.

గాలి పోయినా తగ్గకుండా పెరిగే కడుపునొప్పి, గట్టిపడిన పొట్ట, 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, ఆగని వాంతులు, గడ్డలుగా లేదా పదేపదే పడే రక్తం, నల్లగా తారులాంటి విరేచనం, కళ్లు తిరగడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. పేగుకు రంధ్రం పడడం అరుదే అయినా, అలా జరిగినప్పుడు ఆలస్యమే అసలు ప్రమాదం. కొలనోస్కోపీ ఏ రోజున జరిగిందో, ఏమి తొలగించారో అక్కడి డాక్టరుకు ముందుగా చెప్పి, రిపోర్టు చూపించండి.