ఉయ్యాలలోని బిడ్డకు జేజి ముందుగా వినిపిస్తుంది, తర్వాతే కనిపిస్తుంది

(దృశ్యం: అనంతపురం దగ్గరి పల్లెలో ఒక ఇంటి వసారా. దూలానికి వేలాడే చీర ఉయ్యాలలో మూడు వారాల మగబిడ్డ. రెండు బారల దూరంలో జేజి చెనక్కాయలు ఒలుస్తూ ఉంటుంది.)

వ్యాఖ్యానం: జేజి అక్కడ కూర్చొని ఎంత నవ్వినా ఈ బిడ్డకు ఆ నవ్వు తెలియదు. తొలి వారాలలో 20 నుండి 30 సెంటీమీటర్ల లోపల ఉన్నవే పసికంటికి కొంతైనా తేటగా కనిపిస్తాయి. పాలు తాగేటప్పుడు తల్లి ముఖం ఉండేది దాదాపు అంతే దూరంలో. అప్పుడు కూడా బిడ్డ చూపు ఎక్కువగా నిలిచేది నుదుటికీ నల్లని జుట్టుకూ మధ్యనున్న అంచు మీద, ఎందుకంటే నలుపు తెలుపుల తేడాయే ఆ కంటికి సులువుగా అందుతుంది. రంగులను బాగా వేరుచేయడం, రెండు కళ్లను కలిపి లోతును పోల్చుకోవడం నాలుగో నెల నాటికి కుదురుకుంటాయి. కాటుక పెడితే ఇవేవీ త్వరపడవు, కళ్లూ పెద్దవి కావు. కంట్లో కాటుక వద్దనే వైద్యులు చెబుతారు.

(దృశ్యం: జేజి తలెత్తకుండానే, "ఏం నాయనా, నిద్ర పట్టలేదా?" అంటుంది. ఆడుతున్న కాళ్లు ఆగిపోతాయి.)

వ్యాఖ్యానం: చెవి కథ వేరు. కడుపులో ఉండగానే, ఏడో నెల నాటికి, అది పని మొదలుపెట్టి ఉంటుంది. 1980లో అమెరికాలో డికాస్పర్, ఫైఫర్ అనే పరిశోధకులు, పుట్టి మూడు రోజులైనా నిండని శిశువులు పాలపీకను చీకే తీరును బట్టి తల్లి గొంతో, మరో స్త్రీ గొంతో వినిపించే ఏర్పాటు చేయగా, ఆ పసివాళ్లు తల్లి గొంతు వినిపించే తీరులోనే ఎక్కువగా చీకారు.

అంతకంటే మనకు దగ్గరి సంగతి మరొకటి ఉంది. "కోట", "కోత" అనే మాటల మధ్య తేడా మనకు చాలా తేలిక. ఇంగ్లీషు మాత్రమే విని పెరిగిన పెద్దవారికి ఆ రెండూ ఒకటే అనిపించవచ్చు. 1984లో వెర్కర్, టీస్ కెనడాలో చేసిన పరిశోధనలో, ఇంగ్లీషు మాట్లాడే ఇళ్లలోని 6 నుండి 8 నెలల శిశువులు హిందీలోని ట, త లను వేరుగా పోల్చుకున్నారు. 10 నుండి 12 నెలల వయసు శిశువులలో ఎక్కువమంది పోల్చుకోలేకపోయారు. అంటే ఏడాది తిరిగేలోపు చెవి తన ఇంటి భాషకు అలవాటుపడి, ఆ ఇంట్లో వినిపించని తేడాలను పట్టించుకోవడం మానేస్తుంది.

అందుకే పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడని బిడ్డ విషయంలో, "పెరిగేకొద్దీ అదే సర్దుకుంటుందిలే" అని జేజి అన్నా సరే, నెలల తరబడి ఆగకూడదు. బిడ్డ నిద్రలో ఉండగానే చెవిలో మెత్తని చిన్న గొట్టం ఉంచి చేసే వినికిడి పరీక్షకు కొన్ని నిమిషాలు చాలు.